బున్యుయెల్ తీసిన వాటిలో ఏది గొప్పది? ఒక్కొక్కరి జవాబు ఒక్కో తీరుగా ఎందుకుంటుంది?

స్పెయిన్‌లో పుట్టిన సినీ దర్శకుడు లూయిస్ బున్యుయెల్ తీసిన సినిమాలు 32. వాటిలోంచి ఒక్కటి ఏరమంటే నలుగురు నాలుగు పేర్లు చెబుతారు. పెద్ద బహుమతులు ఇచ్చినవాళ్లూ అదే చేశారు. 1951లో కాన్ చిత్రోత్సవం ‘లోస్ ఓల్విదాదోస్’ తీసినందుకు ఉత్తమ దర్శకుడి బహుమతి ఇచ్చింది. 1961లో అదే కాన్‌లో అగ్ర బహుమతి పామ్ దోర్‌ను ‘విరిదియానా’ ఒక ఫ్రెంచి సినిమాతో పంచుకుంది. 1967లో వెనిస్ గోల్డెన్ లయన్ ‘బెల్ ద జూర్’కి దక్కింది. 1972 సంవత్సరానికి ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ ‘డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ద బూర్జువాజీ’కి వెళ్లింది. అయితే సినిమా క్లబ్బుల్లో వాదన మొదలైతే ముందుగా వినిపించే పేర్లు రెండు: ‘అన్ షియాన్ ఆండలూ’ (1929), ‘ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ (1962). పైన చెప్పిన నాలుగింటిలో ఈ రెండూ లేవు.

ఇది ఉత్త అభిరుచుల తేడా అయితే ఎవరి ఇష్టం వారిదని వదిలేయొచ్చు. కానీ అసలు చిక్కు వేరే ఉంది. వాదించేవాళ్లంతా సర్రియలిజం (అధివాస్తవికత) అనే ఒకే మాట వాడుతూ మూడు వేరు వేరు సంగతుల్ని కొలుస్తున్నారు. కల ఎంత కల్తీ లేకుండా తెరకెక్కిందో కొందరు చూస్తారు. మామూలు బతుకులోకి అసాధ్యమైనది ఎంత నిబ్బరంగా నడిచొచ్చిందో మరికొందరు చూస్తారు. ఆ దెబ్బ ఎవరికి తగిలిందో, చర్చికా, కుటుంబానికా, డబ్బున్నవాళ్లకా అని ఇంకొందరు చూస్తారు. ఏ కొలతకు ఏ సినిమా నిలుస్తుందో విడదీసి చూస్తే తగాదా చాలావరకు తేటపడుతుంది.

అర్థం కానిదల్లా సర్రియలిజం కాదు

1924లో పారిస్‌లో ఫ్రెంచి కవి ఆంద్రే బ్రెతోఁ తన మానిఫెస్టోలో ఈ మాటను నిర్వచించాడు. తర్కమూ, నీతీ, అందమూ కాపలా కాయనప్పుడు మనసు నడిచే తీరును ఉన్నదున్నట్టు బయటపెట్టడమే సర్రియలిజమన్నది దాని సారం. తెలుగులో అధివాస్తవికత అంటున్నాం. శ్రీరంగం నారాయణబాబునూ శ్రీశ్రీనీ చదివినవాళ్లకు ఈ మాట కొత్త కాదు. కవికి మాట చాలు. సినిమావాడికి మాత్రం కెమెరా అడ్డం వస్తుంది, ఎందుకంటే అది దేన్ని చూపించినా ఆ వస్తువు ఎదురుగా నిజంగా ఉన్నట్టే కనబడుతుంది. బున్యుయెల్ ఈ అడ్డంకినే తన బలం చేసుకున్నాడు.

ఇక్కడ రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. మొదటిది, అద్భుతాన్నీ అధివాస్తవాన్నీ ఒకటే అనుకోవడం. మన జానపద చిత్రాల్లో మాంత్రికుడు రాకుమారుణ్ని చిలకను చేస్తాడు. చూడ్డానికి వింతే, కానీ దానికి కారణం ఉంది: మంత్రం. మంత్రానికి విరుగుడూ ఉంటుంది. బున్యుయెల్ దగ్గర పెద్దమనుషుల విందు జరిగే ఇంట్లో ఎలుగుబంటి తిరుగుతుంది. అక్కడ మంత్రమూ లేదు, విరుగుడూ లేదు. రెండోది, ప్రతి దృశ్యాన్నీ పొడుపుకథలా విప్పబోవడం. చీమలంటే ఇది, గాడిదంటే అది అని పట్టిక రాసుకుంటే సినిమా చచ్చిపోతుంది. ‘బెల్ ద జూర్’లో ఒక కస్టమర్ చిన్న పెట్టె తెచ్చి తెరిచి చూపిస్తాడు. లోపలి నుంచి ఏదో రొద వినిపిస్తుంది, ఉన్నదేమిటో మనకు కనబడదు. ఆ పెట్టెలో ఏముందని జనం తనను ఎన్నిసార్లు అడిగారో చెప్పి బున్యుయెల్ విసుక్కున్నాడు. చూపించకపోవడమే ఆ దృశ్యం చేసే పని.

మూడు దేశాలు, మూడు రకాల డబ్బు

బున్యుయెల్ 1900లో స్పెయిన్‌లోని కలాందాలో పుట్టాడు, 1983లో మెక్సికో నగరంలో పోయాడు. అతని సినిమా జీవితం మూడు ముక్కలు. ఏ ముక్కకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే ఆ సినిమాలు అలా ఎందుకున్నాయో సగం తెలిసినట్టే.

1929–33 మధ్య తీసిన మూడింటికీ మార్కెట్‌తో పని లేదు. ‘అన్ షియాన్ ఆండలూ’కి తల్లి డబ్బిచ్చింది. ‘లాజ్ దోర్’కి షార్ల్ ద నోయాయ్ అనే ఫ్రెంచి ప్రభువు ఇచ్చాడు. ‘లాస్ ఉర్దెస్’ అనే డాక్యుమెంటరీకి రమోన్ అసీన్ అనే మిత్రుడు తనకు తగిలిన లాటరీ సొమ్ము పెట్టాడు. తర్వాత పదేళ్లకు పైగా దర్శకుడిగా దాదాపు ఖాళీ. 1946లో మెక్సికో చేరాక పరిస్థితి పూర్తిగా మారింది. నిర్మాతకు పాటలు కావాలి, కన్నీళ్లు కావాలి, షూటింగ్ మూడు నాలుగు వారాల్లో ముగియాలి. ‘లోస్ ఓల్విదాదోస్’ 21 రోజుల్లో తీశాడు. ఈ దశలో అధివాస్తవికతను దొంగ సరుకులా కథ అడుగున దాచి దాటించాల్సి వచ్చింది. మూడో దశ ఫ్రాన్స్. 1964 నుంచి 1977 దాకా రచయిత జాన్ క్లోద్ కారియేర్‌తో కలిసి ఆరు సినిమాలు. పేరున్న నటులు, సరిపడా డబ్బు, అడ్డు చెప్పని నిర్మాతలు.

మొదటి దశను మెచ్చేవాళ్లు స్వేచ్ఛకు ఓటేస్తారు. మెక్సికో దశను మెచ్చేవాళ్లు ఒత్తిడిలో పుట్టిన తెలివికి ఓటేస్తారు. ఫ్రాన్స్ దశను మెచ్చేవాళ్లు చూసేది చేయి తిరిగిన నేర్పును.

ఒకే కల, మూడు చోట్ల మూడు రకాలు

మాటలతో కాకుండా ఉదాహరణతో చూద్దాం. కల అనే ఒకే వస్తువును అతను మూడు దశల్లో ఎలా తీశాడో పక్కపక్కన పెడితే తేడా కళ్లకు కడుతుంది.

‘అన్ షియాన్ ఆండలూ’ రెండు కలల్లోంచి పుట్టింది. చంద్రుణ్ని సన్నటి మబ్బు కోసినట్టు, కత్తి కంటిని కోసినట్టు బున్యుయెల్‌కు కల వచ్చింది. అరచేతిలో చీమలు పాకుతున్నట్టు చిత్రకారుడు సాల్వదోర్ దాలీకి వచ్చింది. ఇద్దరూ కూర్చుని పెట్టుకున్న నియమం ఒక్కటే: హేతువుతో వివరించడానికి వీలున్న ఏ ఊహనూ ఉంచకూడదు. తెరపై కోసిన కన్ను దూడది. ముందు స్త్రీ ముఖం, తర్వాత మబ్బు, తర్వాత దగ్గరి షాట్‌లో దూడ కన్ను. మూడు ముక్కల్ని మన మనసే అతికిస్తుంది. గమనించాల్సిన సంగతి ఏమిటంటే ఇక్కడ ఎడిటింగ్ వ్యాకరణం చెడలేదు. ఆమె పారిస్ గది తలుపు తీసి అడుగు బయట పెడితే సముద్ర తీరం. అడుగు అడుగుతో అతికింది, చోటు మాత్రం అతకలేదు. ‘ఎనిమిదేళ్ల తర్వాత’ అని అక్షరాలు పడతాయి, ఎవరికీ వయసు పెరగదు. ఇందులో మెలకువ అన్నదే లేదు కాబట్టి కలను గుర్తుపట్టే అవసరమూ లేదు.

‘లోస్ ఓల్విదాదోస్’లో కల ఒక్కటే, అదీ కొద్ది నిమిషాలే. మురికివాడ కుర్రాడు పేద్రో నిద్రపోతాడు. అతని శరీరంలోంచి మరో పేద్రో లేస్తాడు. గాలిలో కోడి ఈకలు రాలుతుంటాయి. మంచం కింద, తన కళ్ల ముందే హత్యకు గురైన కుర్రాడి శవం. తెల్లటి దుస్తుల్లో తల్లి తేలుతున్నట్టు నడిచొచ్చి, ఇంతకాలం పెట్టని తిండిగా పచ్చి మాంసం చేతికిస్తుంది. మంచం కింద నుంచి మరో చేయి వచ్చి దాన్ని లాక్కుంటుంది. స్లో మోషన్, ఒకదానిపై ఒకటి పడే బొమ్మలు, వింత ధ్వని అన్నీ ఉన్నాయి. హీరో కళ్లు మూసుకోగానే పొగమంచు కమ్ముకుంటే కల పాట వస్తోందని మన ప్రేక్షకుడికి తెలిసిపోయినట్టే, ఇక్కడా ఇది కల అని ముందే తెలుస్తుంది. పరికరాలు మామూలువే. కల మాత్రం ఆ కుర్రాడి ఆకలిని, నేరభయాన్ని, తల్లి మీద ఆశను ఒకే పిడికిట్లో పట్టుకుంది.

‘డిస్క్రీట్ చార్మ్’కు వచ్చేసరికి గుర్తులన్నీ తీసేశాడు. ఆరుగురు స్నేహితులు భోజనానికి కూర్చోబోతారు, ప్రతిసారీ ఏదో అడ్డొస్తుంది. కల్నల్ ఇంట్లో విందుకు కూర్చుంటే వడ్డించిన కోళ్లు రబ్బరువి. ఒక పక్క తెర లేస్తుంది. ఎదుట ప్రేక్షకులు, వీళ్లున్నది నాటకం వేదిక. ఒకడు ఉలిక్కిపడి లేస్తాడు: కల. సరే అనుకుని మళ్లీ విందుకు వెళ్తాం. అక్కడ గొడవై తుపాకీ పేలుతుంది. ఇంకొకడు ఉలిక్కిపడి లేస్తాడు: మొదటివాడు కల కన్నట్టు తానే కల కన్నాడట. వెలుగు మారలేదు, కెమెరా ఊగలేదు, నేపథ్య సంగీతం అసలే లేదు. మెలకువ వచ్చాకే అది కల అని తెలుస్తుంది. ఆ మెలకువను కూడా నమ్మలేం. నిజానికీ కలకూ మధ్య తూకం కుదరడానికి స్క్రిప్టు ఐదు సార్లు తిరగరాశారు.

మొదటి కొలత, అంటే కల్తీ లేని కల, ముఖ్యమైతే 1929 సినిమాను దాటేది లేదు. రెండో కొలతకు ఫ్రాన్స్ దశ మొగ్గు చూపిస్తుంది. కానీ ఆ కొలతకు నా దృష్టిలో అన్నిటికంటే బాగా నిలిచేది ఈ మూడూ కాదు.

తలుపు తెరిచే ఉంది, ఎవరూ బయటికి పోలేరు

‘ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్’ కథ రెండు వాక్యాల్లో చెప్పొచ్చు. ఒపెరా చూసి వచ్చిన డబ్బున్నవాళ్లు ఒక భవనంలో విందు తింటారు, తర్వాత ఆ గది దాటి వెళ్లలేరు. తాళం లేదు, కాపలా లేదు, దయ్యం లేదు. గడప దాకా వస్తారు, ఏదో ఒక సాకుతో ఆగిపోతారు.

ఈ ఒక్క అసాధ్యాన్ని పెట్టి, మిగతాదంతా కచ్చితమైన తర్కంతో నడిపాడు. దాహమేస్తుంది కాబట్టి గోడ పగలగొట్టి నీళ్ల గొట్టం పట్టుకుంటారు. ఆకలేస్తుంది కాబట్టి గదిలోకి వచ్చిన గొర్రెల్ని కోస్తారు. మర్యాద పొరలు పొరలుగా రాలిపోతుంది. బయట పోలీసులూ జనమూ గుమిగూడతారు. వాళ్లూ లోపలికి రాలేరు. కెమెరా పనితనం చూపించడానికి పేరుపడ్డ గాబ్రియేల్ ఫిగెరోవా ఛాయాగ్రాహకుడు, అయినా ఇక్కడ కెమెరా కళ్లు చెదిరేలా ఏమీ చేయదు. అద్భుతం జరిగినా దాన్ని అద్భుతంగా తీయకపోవడమే కిటుకు.

దీనికి తోడు పునరావృత్తి. అతిథులు భవనంలోకి రెండుసార్లు వస్తారు. ఇంటాయన గ్లాసెత్తి శుభాకాంక్షలు (టోస్టు) రెండుసార్లు చెబుతాడు. మొదటిసారి అందరూ వింటారు, రెండోసారి ఎవరూ పట్టించుకోరు. ఇద్దరు మగవాళ్లు ఒకే రాత్రి పదే పదే పరిచయమవుతారు, ప్రతిసారీ వేరే వరసలో. ఇలాంటివి సుమారు 20 ఉన్నాయని బున్యుయెల్ చెప్పాడు. ఎడిటింగ్‌లో తప్పు జరిగిందని ఫిగెరోవాయే కంగారుపడి వచ్చి చెప్పాడట. చివరికి బయటపడే దారి కూడా పునరావృత్తే: మొదటి రాత్రి ఎవరెక్కడ ఉన్నారో మళ్లీ అక్కడే ఉన్నారని ఒకామె గమనించి, అప్పటి మాటలు మళ్లీ పలికిస్తుంది. కాళ్లు కదులుతాయి. ఆ తర్వాత కృతజ్ఞతగా చర్చికి వెళ్తారు; ఈసారి అక్కడ ఇరుక్కుంటారు.

దీన్ని తక్కువ చేసేవాళ్ల వాదనా బలమైనదే, పైగా వాళ్ల పక్షాన దర్శకుడే ఉన్నాడు. యూరోపు నటులతో, తగిన ఖరీదైన సామగ్రితో తీయలేకపోయానని అతను బాధపడ్డాడు. అంత సంపన్నుల విందుకు చూపించదగ్గ మంచి నాప్కిన్ తనకు ఒక్కటే దొరికిందని చెప్పుకున్నాడు. పాత్రలు ఎక్కువ, ఎవరూ లోతుగా పరిచయం కారు. నిజమే. కానీ 2016లో ఇది సంగీతకర్త థామస్ అడెస్ చేతిలో ఒపెరాగా మారింది. అమెరికన్ సంగీతకర్త స్టీఫెన్ సోండ్‌హైమ్ చివరి సంగీత నాటకం (మ్యూజికల్) దీన్నీ ‘డిస్క్రీట్ చార్మ్’నూ కలిపి అల్లింది, 2023లో న్యూయార్క్‌లో వేదికెక్కింది. నాప్కిన్ల లోటు ఆ ఊహను దెబ్బతీయలేదు.

కల కాదు, దెబ్బ ముఖ్యం అనేవాళ్లు

మూడో కొలత పట్టుకున్నవాళ్లు ఈ చర్చంతా సౌందర్య శాస్త్రమని కొట్టిపారేస్తారు. సర్రియలిస్టులకు కళ ఒక సాధనం, లక్ష్యం సమాజాన్ని కుదిపేయడం. ఆ లెక్కన ముందు నిలిచేది ‘లాజ్ దోర్’ (1930). అది తేళ్ల మీద తీసిన శాస్త్ర చిత్రంతో మొదలై, ప్రేమికులిద్దరు కలవకుండా చర్చీ, పోలీసూ, సభ్యతా అడ్డుపడటంతో సాగుతుంది. 1930 డిసెంబరు 3న పారిస్ స్టూడియో 28లో ఛాందస జాతీయవాద గుంపులు తెర మీద సిరా చల్లి, హాల్లో పెట్టిన చిత్రాల్ని చించేశాయి. కొద్ది రోజులకే నిషేధం వచ్చింది. సుమారు 50 ఏళ్లు మామూలు ప్రదర్శనకు రాలేదు.

‘విరిదియానా’ది ఇంకా మెలికైన కథ. నియంత ఫ్రాంకో పాలనలోని స్పెయిన్‌కు తిరిగొచ్చి తీసిన సినిమా అది. సన్యాసిని కాబోయిన యువతి బిచ్చగాళ్లను చేరదీస్తుంది. వాళ్లు ఆమె లేనప్పుడు ఇంట్లో తాగి, క్రీస్తు చివరి విందు చిత్రంలోలా వరసగా కూర్చుంటారు. మొదటి స్క్రిప్టులో ఆమె చివర్లో బావ గది తలుపు తట్టి లోపలికి వెళ్తుంది. సెన్సారు ఒప్పుకోలేదు. మార్చిన ముగింపులో ఆమె, బావ, పనిమనిషి ముగ్గురూ పేకాటకు కూర్చుంటారు. సెన్సారు దాన్ని పాస్ చేసింది. చూసినవాళ్లకు మొదటిదానికంటే ఇదే ఎక్కువ చెప్పింది. కాన్‌లో గెలిచాక వాటికన్ పత్రిక మండిపడింది, స్పెయిన్ నిషేధించింది. 1977 దాకా స్పెయిన్ ప్రేక్షకులు దాన్ని చూడలేదు.

ఈ వాదన బలహీనత కూడా చెప్పాలి. కాలం మారితే దెబ్బ పదును తగ్గుతుంది. ‘లాజ్ దోర్’ చూసి ఇవాళ ఎవరూ సిరా చల్లరు. ‘లోస్ ఓల్విదాదోస్’ మాత్రం వాడిపోలేదు, ఎందుకంటే అది మీద పడేది ఒక సంస్థ మీద కాదు, మన జాలి మీద. అందులో పేదలు మంచివాళ్లు కారు. గుడ్డివాడు కరుడుగట్టినవాడు, తల్లి కొడుకును దగ్గరికి తీయదు. పేద్రో గుడ్డు తీసి నేరుగా కెమెరా మీదకి విసురుతాడు. సొన మన కళ్ల ముందు కారుతుంది. మెక్సికోలో కొద్ది రోజులకే తీసేశారు. కాన్‌లో కవి ఒక్తావియో పాజ్ దాని తరఫున రాసిన కరపత్రం స్వయంగా పంచాడు. 2003లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. ఇది అధివాస్తవికమా, వాస్తవికమా అన్న తగువు ఇంకా తెగలేదు. ఆ రెంటికీ మధ్య గోడ ఉందని ఒప్పుకోకపోవడమే బున్యుయెల్ పద్ధతి అని నేననుకుంటాను.

మెప్పు ఎవరి ఖాతాలో వేయాలి?

‘అన్ షియాన్ ఆండలూ’ గొప్పదైతే అందులో సగం దాలీదే. రెండో సినిమా ‘లాజ్ దోర్’కు దాలీ ఉత్తరాల ద్వారా కొన్ని ఊహలు పంపాడు, అప్పటికే స్నేహం బీటలు వారింది. చివరి దశ గొప్పదైతే కారియేర్ వాటా తీసేయలేం. నాటక దర్శకుడు పీటర్ బ్రూక్ కోసం మహాభారతాన్ని తొమ్మిది గంటల నాటకంగా రాసిందీ, 2015లో పద్మశ్రీ అందుకుందీ ఈ కారియేరే.

అయితే పని పద్ధతి గమనిస్తే వింత పోలిక కనబడుతుంది. దాలీతో కూర్చున్నప్పుడు ఒకరు ఊహ చెబితే రెండోవారు ఆలోచించకుండా వెంటనే ఔననో కాదనో తేల్చాలి. కాదంటే ఆ ఊహ చెత్తబుట్టకే, బతిమాలడం లేదు. కారియేర్‌తోనూ అంతే. పొద్దున్నే రాత్రి వచ్చిన కలలు చెప్పుకునేవారు, ఒకరి ఊహను రెండోవారు వీటో చేయొచ్చు. జోడీ మారింది, జల్లెడ మారలేదు.

ప్రింటు తేడాల వల్ల వచ్చే తగాదాలు

కొన్నిసార్లు వాదించుకునే ఇద్దరూ ఒకే సినిమా చూసి ఉండరు. ‘అన్ షియాన్ ఆండలూ’ మూగ చిత్రం. ఏ వేగంతో ఆడించారన్న దాన్నిబట్టి 16 నిమిషాల నుంచి 21 దాకా సాగుతుంది. వేగం పెరిగితే నటులు గెంతుతారు, భయం పోయి హాస్యం వస్తుంది. 1960లో చేర్చిన సౌండ్‌ట్రాక్‌లో వాగ్నర్ సంగీతం, టాంగో ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి; తొలి ప్రదర్శనలో గ్రామఫోను రికార్డులు మార్చిన పద్ధతి అదే. వేరే సంగీతం పెట్టిన ప్రింటులో ఆ ఎకసెక్కం ఉండదు.

‘లోస్ ఓల్విదాదోస్’కి రెండో ముగింపు ఉంది. సెన్సారు ఇబ్బంది వస్తే వాడుకోవడానికి తీసి పెట్టుకున్నది. అందులో పేద్రో బతికి, బాల నేరస్తుల బడి పెద్ద తనను నమ్మి చేతికిచ్చి పంపిన డబ్బుతో ఆ బడికి తిరిగి వెళ్తాడు. అసలు సినిమాలో అతని శవాన్ని గోనెలో చుట్టి చెత్తకుప్ప మీదకి దొర్లిస్తారు. మెక్సికో ఫిల్మ్ ఆర్కైవ్‌లో దొరికిన ఆ సుఖాంతం అదనపు భాగంగా డిస్కుల్లో వస్తోంది. దాన్నే అసలు ముగింపు అనుకుంటే సినిమా మొత్తం తలకిందులవుతుంది. ‘లాస్ ఉర్దెస్’లో మేక కొండ మీద నుంచి జారిపడే షాట్‌లో ఫ్రేము అంచున తుపాకీ పొగ కనబడుతుంది. డాక్యుమెంటరీ అని నమ్మి చూసినవాడికి అది మోసం. డాక్యుమెంటరీ నమ్మకాన్నే పరీక్షిస్తున్నాడని చూసినవాడికి అది సూచన. ‘సైమన్ ఆఫ్ ద డెజర్ట్’ 45 నిమిషాలకే తెగినట్టు ముగుస్తుంది. అది గూఢార్థం కాదు, డబ్బు అయిపోయింది.

మొదటి, చివరి సినిమాలు ఇద్దరు వేరే దర్శకులు తీసినట్టుంటాయనే మాట కూడా వింటుంటాం. 1977లో వచ్చిన ఆఖరిది ‘దట్ అబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్’. మొదట తీసుకున్న నటి మరియా ష్నైడర్ తప్పుకోవడంతో ఒకే పాత్రను కరోల్ బూకే, ఆంహెలా మోలినా ఇద్దరితో వేయించాడు. ఒకరు గదిలోకి వెళ్తే ఇంకొకరు బయటికొస్తారు, నాయకుడికి తేడా తెలియదు. చివర్లో ఆ జంట పారిస్‌లో ఒక దుకాణం అద్దం ముందు ఆగుతారు. లోపల ఒకామె నెత్తుటి మరక ఉన్న లేసు చిరుగును ఓపిగ్గా కుడుతుంటుంది. 48 ఏళ్ల కిందటి ‘అన్ షియాన్ ఆండలూ’లో, కన్ను కోసిన దృశ్యం తర్వాత, గదిలో కూర్చున్న యువతి ఒక పుస్తకం చూస్తూ పక్కన పడేస్తుంది. తెరుచుకున్న పేజీలో ఉన్నది లేసు అల్లుతున్న స్త్రీ, డచ్ చిత్రకారుడు వెర్మీర్ గీసిన బొమ్మ.